శత శాతం వినియోగ మహోద్యమం

ఆ రోజు సెమినార్ హాల్లో ఏసీ పాడవకపోయి ఉంటే ఈ గొడవంతా జరిగేది కాదు.

చంపావతి విశ్వవిద్యాలయంలో పరిశోధన దినోత్సవం. శాఖకొక పరిశోధక విద్యార్థి లేచి పది నిమిషాలు మాట్లాడతాడు. ఉపకులపతి ఆచార్య వేదగిరి పరాంకుశంగారు ముందు వరుస సోఫాలో కూర్చుని, మొదటి వక్త నమస్కారం పెట్టగానే కళ్ళు మూసుకుని, చివరి వక్త కృతజ్ఞతలు చెప్పగానే తెరిచి చప్పట్లు కొడతారు. అది ఆనవాయితీ. ఆ రోజు ఉక్కపోతకి ఆయనకి నిద్ర పట్టలేదు. పట్టకపోవడం వల్ల వినాల్సివచ్చింది.

వేదిక మీద ఉన్నవాడు గేదెల మురహరి. కంప్యూటర్ సైన్స్ శాఖ. సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించడం ఎలా అన్నది అతని పరిశోధన. ఆరేళ్ళు కష్టపడి థీసిస్ రాశాడు. దాన్ని దిద్దిన ఇద్దరు పరీక్షకులూ బాగుందని రాసి పంపారు. ఇక మిగిలింది వైవా ఒక్కటే. ఆ తేదీ మీద ఉపకులపతి సంతకం పడాలి. ఫైలు ఆయన టేబుల్ మీద మామిడిపళ్ళ కాలంలో చేరింది, ఇప్పుడు దాని మీద సీతాఫలాల బుట్ట వచ్చి కూర్చుంది.

"ఒక ప్రోగ్రాంలో వేల వరుసలుంటాయి," అంటున్నాడు మురహరి. "మనం పరీక్షించేటప్పుడు వాటిలో ఎన్ని నిజంగా నడిచాయి, ఎన్ని నడవలేదు అని లెక్క చూడాలి. ఒక్కసారి కూడా నడవని వరుసని నమ్మకూడదు. అవసరం వచ్చిన రోజున అదే మన కొంప ముంచుతుంది."

పరాంకుశంగారు నిటారుగా కూర్చున్నారు. పక్కనున్న రిజిస్ట్రార్ దక్షిణామూర్తి వైపు తిరిగారు.

"ఏమన్నాడు?"

"ఒక్కసారి కూడా నడవనిదాన్ని నమ్మరాదన్నాడు సార్."

"మన విశ్వవిద్యాలయంలో ఒక్కసారి కూడా నడవనివి ఎన్ని ఉంటాయి?"

దక్షిణామూర్తి ఆలోచించాడు. "తమరు ప్రారంభించినవి కలుపుకునా సార్, కలపకుండానా?"

ఆ మాట ఆయన చెవిన పడలేదు. అప్పటికే లేచి వేదికెక్కి మురహరి చేతిలోంచి మైకు తీసుకున్నారు. ఈ ప్రాంగణంలో ఉన్న ప్రతి వస్తువూ, ప్రతి గదీ, ప్రతి సౌకర్యమూ ఒక్కసారైనా ఉపయోగంలోకి వచ్చి తీరాలని, దీనికి శత శాతం వినియోగ మహోద్యమం అని నామకరణం చేస్తున్నానని, దేశంలో ఇలాంటిది ఇదే మొదటిదని ప్రకటించారు. చివరి మాట ముమ్మాటికీ నిజం.

"దీనికి కన్వీనర్ ఈ కుర్రాడే," అని మురహరి భుజం మీద చెయ్యివేశారు.

"సార్, నా వైవా ఫైలు తమ టేబుల్ మీద..."

"శత శాతం పూర్తయిన మర్నాడే నీ వైవా. ఇదుగో, సభాముఖంగా మాటిస్తున్నాను."

సభ చప్పట్లు కొట్టింది. వైవాకీ మహోద్యమానికీ అలా ముడిపడింది.

* * *

మొదట్లో అంతా సాఫీగానే సాగింది. లైబ్రరీలో ఎవరూ తెరవని పుస్తకాలన్నీ విద్యార్థులకి తలా ఒక బుట్టెడు పంచి తెరిపించారు. కొన్నిటికి అచ్చాఫీసులో మడిచిన పుటల అంచులు కత్తిరించనేలేదు. ఒకదానిలో ఒకప్పటి లైబ్రేరియన్ పెళ్ళి శుభలేఖ దొరికింది. ఎవరూ కూర్చోని బెంచీల మీద సెక్షన్‌కొకరు చొప్పున గుమాస్తాలు కూర్చుని వచ్చారు. ఆ పని మటుకు ఆదేశాలు లేకుండానే కొన్నాళ్ళు కొనసాగింది.

పరిపాలనా భవనం రెండో అంతస్తులో, భవనం కట్టినప్పటినుంచీ తాళం తీయని తలుపొకటి ఉంది. దాన్ని రిజిస్ట్రార్ సమక్షంలో, కొబ్బరికాయ కొట్టి మరీ తెరిచారు. అవతల బాల్కనీ కట్టాలనుకుని కట్టలేదట. తలుపు అవతల ఆకాశం ఉంది. మొదటి అడుగు వేసిన సూపరింటెండెంటుని ఇద్దరు చొక్కా పట్టుకుని లాగారు. చొక్కా వచ్చింది, అదృష్టవశాత్తూ దాంతోపాటు ఆయన కూడా వచ్చాడు. 'తలుపు సక్రమముగా తెరుచుకొనుచున్నది' అని దక్షిణామూర్తి రాసుకున్నాడు.

తరవాత వంతు అగ్నిమాపక సిలిండర్లది. ప్రాంగణంలో ఉన్న ఎర్ర సిలిండర్లలో ఒక్కటీ ఇంతవరకు వాడలేదు. కాబట్టి నమ్మరాదు. కాబట్టి ఒక సాయంత్రం మైదానంలో అన్నిటినీ వరసగా నిలబెట్టి, పిన్నులు లాగి, చివరి బుస్సు వరకు ఖాళీ చేశారు. అన్నీ పనిచేశాయి. పరాంకుశంగారు పరమానందపడ్డారు. మర్నాడు హాస్టల్ వంటగదిలో నూనె కడాయి అంటుకుంది.

మురహరి గది నేస్తం కర్రి పైడిరాజు ఆ సంగతి మోసుకొచ్చాడు. వాడు భూగర్భశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాడు. రాళ్ళతో పనిచేయడం వల్ల దేనికీ కంగారుపడడు.

"ఒరే మురహరీ, వంటసాల అంటుకుపోయిందిరా."

"అయ్యో! ఆర్పారా?"

"ఎలగార్పుతారు? ఎర్ర సిలిండర్లు నువ్వు ఊదించీసినావు కదా. మన సాంబారు గుండిగ ఎత్తి పోసీసినారు."

"వేడి సాంబారుతో మంట ఆరిందా? పైగా నూనె మంట! పేలిపోవాలి కదరా."

"నూనె మీదైతే పేలిపోద్దిరా. దాని మీద ఇసక కొట్టినారు. పక్కనున్న పరదాలు అంటుకుంటే వాటి మీద సాంబారు పోసినారు. మన మెస్సు సాంబారు సాంబారేటి? ఉత్త నీళ్ళు కదా, సక్కగా ఆరిపోయింది. ఈ ఊళ్ళో నమ్మకంగా పనిసేసేది ఆ సాంబారొక్కటే."

రిజిస్ట్రార్ నివేదికలో మాత్రం ఇలా ఉంది: 'అగ్నిమాపక పరికరములు నూటికి నూరు శాతం పనిచేయునని నిర్ధారించబడినది. అగ్నిప్రమాదము తదుపరి దినమున సంభవించినందున, సదరు నిర్ధారణతో దానికి సంబంధము లేదు.'

మురహరి ఉపకులపతి దగ్గరికి పరిగెత్తాడు. "సార్, సాఫ్ట్‌వేర్‌ని ఎన్నిసార్లు నడిపినా ఖర్చైపోదు. సిలిండర్ అలా కాదు. నేను చెప్పింది ప్రోగ్రాముల గురించి సార్."

పరాంకుశంగారు చిరునవ్వు నవ్వారు. "గొప్పవాళ్ళకి తమ ఆలోచన ఎంత గొప్పదో తెలియదయ్యా. అది తెలియడానికే పైన మాలాంటివాళ్ళు ఉంటారు. ఇంతకీ ఎంత శాతం వచ్చింది?"

* * *

మురహరికి పరిశోధన కాకుండా మరో లోకం ఉంది. వయొలిన్. చిన్నప్పుడు ఊళ్ళో ఒక రిటైర్డు పోస్టుమాస్టరు దగ్గర నేర్చుకున్నాడు. కచేరీలిచ్చేంత విద్వాంసుడు కాడు. కానీ ప్రోగ్రాములో తప్పు దొరకని రోజున, దొరికిన తప్పు తనదే అయిన రోజున, సాయంత్రం హాస్టల్ మేడ మీద కూర్చుని వాయించుకుంటే మనిషి మళ్ళీ మనిషయ్యేవాడు. పైడిరాజు బట్టలారేసుకుంటూ వినేవాడు.

వ్యవస్థాపక దినోత్సవానికి అతని చేత వాయించాలని శాఖవాళ్ళు పట్టుబట్టారు. మురహరి మోహన రాగం ఎంచుకున్నాడు. తనకి బాగా వచ్చిన రాగం. ఆ సాయంత్రం నిజంగానే కుదిరింది. హాల్లో సెల్‌ఫోన్లు చూసుకునేవాళ్ళు తలెత్తారు. అతని గైడ్ ఆచార్య నిడుముక్కల శకుంతల కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

దక్షిణామూర్తి మాత్రం కలం తీశాడు. కచేరీ అయిపోగానే వేదిక దగ్గరికి వచ్చి, మృదంగం సంచిలో పెట్టుకుంటున్న కుర్రాణ్ణి అడిగాడు.

"మొత్తం స్వరాలెన్ని?"

"ఏడండి."

"ఇప్పుడు ఈయన వాడినవి?"

"మోహన కదండీ. ఐదు."

దక్షిణామూర్తి ముఖం గంభీరమైపోయింది. మర్నాడు పొద్దున్న మురహరికి మెమో వచ్చింది. ఉపకులపతి గదికి రమ్మన్నారు.

"పైన ఉదహరించిన కచేరీయందు," అని చదివాడు దక్షిణామూర్తి, "అందుబాటులో ఉన్న ఏడు స్వరములలో ఐదు మాత్రమే వినియోగించి, మధ్యమము, నిషాదము అను రెండింటిని నిరుపయోగముగా ఉంచినట్లు మహోద్యమ సంఘము దృష్టికి వచ్చినది. వినియోగము డెబ్బయ్యొక్క శాతము. మృదంగమునకు ఇరువైపులా వాయించినందున దానికి శత శాతము ఇవ్వడమైనది."

"సార్, మోహనలో ఆ రెండూ వర్జ్యం," అన్నాడు మురహరి.

"ఎవరు వర్జించారు?"

"ఎవరో అని కాదండీ... రాగం అలా ఉంటుంది."

"ఉత్తర్వు ఉందా?"

"ఉత్తర్వేమిటి సార్! ఆ రెండూ లేకపోతేనే అది మోహన. వాయిస్తే మోహన పోయి ఇంకోటి అవుతుంది."

పరాంకుశంగారు చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపారు. ఆయన ముఖంలో నిజమైన బాధ కనిపించింది. "మురహరీ, మహోద్యమం కన్వీనర్‌వి నువ్వు. నువ్వే రెండు స్వరాల్ని ఖాళీగా కూర్చోబెడితే, ఫిలాసఫీ శాఖవాళ్ళకి నేనేం మొహం పెట్టుకుని చెప్పను?"

"సార్..."

"ఇక్కడే, ఇప్పుడే వాయించు. ఆ రెండూ కలిపి. ఎంతసేపు?"

"ఏ మధ్యమం సార్? రెండు రకాలుంటాయి," అని నోరు జారాడు మురహరి. ఖచ్చితంగా మాట్లాడటం సాఫ్ట్‌వేర్ పరీక్షించేవాళ్ళకి ఉండే జబ్బు.

దక్షిణామూర్తి కలం ఆగిపోయింది. "రెండు రకాలా? అయితే మొత్తం ఎన్ని?"

అలా ఏడు కాస్తా పన్నెండయ్యాయి. మురహరి వయొలిన్ తెచ్చి, ఉపకులపతి టేబుల్ ముందు నిలబడి, మోహనలో పన్నెండు స్వరస్థానాలూ వేసి వాయించాడు. తుప్పుపట్టిన బోరింగుని ఎవరో కసిగా కొడుతున్నట్టు వచ్చింది. గుమ్మంలో అటెండరు టీ కప్పులతో లోపలికి రాబోయి, ఎవరికో ఏదో అయిందనుకుని వెనక్కి తగ్గాడు.

పరాంకుశంగారు కళ్ళు తుడుచుకున్నారు. "ఇప్పుడు పరిపూర్ణంగా ఉంది. నిన్న ఏదో వెలితిగా ఉందనిపించింది, ఏమిటో అర్థం కాలేదు."

ఆ సాయంత్రం మురహరి వయొలిన్‌ని పెట్టెలో పెట్టి మంచం కిందకి తోశాడు. మళ్ళీ తీయలేదు.

"ఏట్రా, మేడెక్కవా?" అన్నాడు పైడిరాజు.

"తీద్దామనుకుంటేనే ఆ రెండూ వినిపిస్తున్నాయిరా."

"నీ డాక్టరేటు కోసం ఆటిని ఎంతకాలమని మోస్తావురా?"

మురహరి పెట్టెని కాలితో ఇంకాస్త లోపలికి తోశాడు. వైవా అయ్యేదాకా మొయ్యాలి.

* * *

వస్తువులయ్యాయి, గదులయ్యాయి, స్వరాలయ్యాయి. ఇక విశ్వవిద్యాలయంలో వాడకుండా మిగిలింది ఒక్కటే. నియమావళి.

"అందులో ఎన్నో నిబంధనలు ఒక్కసారి కూడా అమలు కాలేదు సార్," అని దక్షిణామూర్తి కనిపెట్టాడు. "అవి పనిచేస్తాయో లేదో మనకు తెలియదు."

"అమలు చేయండి," అన్నారు పరాంకుశంగారు.

పాము కరిచిన ఉద్యోగికి ప్రత్యేక సెలవు ఇవ్వాలని ఒక నిబంధన ఉంది. ఇంతవరకు ఎవర్నీ పాము కరవలేదు. అకౌంట్స్ సెక్షన్ గుమాస్తా ఒకడు, విషం లేనిదైతే ఫర్వాలేదు, మా ఆవిణ్ణి అడిగి చెప్తానన్నాడు. ఆవిడ తక్షణం ఒప్పుకుంది. చెరువులోంచి నీరుకట్టె పామొకటి పట్టి తెచ్చారు. అది గుమాస్తా చెయ్యి వాసన చూసి మొహం తిప్పుకుని, తనని పట్టుకున్న తోటమాలిని కరిచింది. తోటమాలి కాంట్రాక్టు ఉద్యోగి. కాంట్రాక్టువాళ్ళకి ఆ సెలవు వర్తించదు. కాబట్టి ఆ కాటు లెక్కలోకి రాలేదు. తోటమాలి చేతికి గుడ్డ కట్టుకుని మళ్ళీ పామును పట్టుకున్నాడు. ఈసారి అది పర్మనెంటు ఉద్యోగిని కరిచింది.

విద్యార్థులు సమ్మె చేస్తే తరగతులు రద్దుచేయవచ్చని మరో నిబంధన. చంపావతిలో సమ్మె ఎప్పుడూ జరగలేదు. 'విద్యార్థులందరూ గురువారం ఉదయం పది గంటలకు సమ్మె చేయవలెను, హాజరు తీసుకొనబడును' అని నోటీసు అంటించారు. పరీక్షలు దగ్గరపడ్డాయి, మేం చేయమన్నారు విద్యార్థులు. సమ్మె చేయనందుకు వాళ్ళకి మెమోలు వెళ్ళాయి. ఆ మెమోలు చూసి విద్యార్థులకి ఒళ్ళు మండింది. బలవంతంగా సమ్మె చేయించడానికి నిరసనగా గురువారం ఉదయం పది గంటలకు సమ్మెకు దిగారు. దక్షిణామూర్తి మేడ మీద నుంచి చూసి, హాజరు తీసుకుని, తరగతులు రద్దుచేసి, తృప్తిగా టిక్కు పెట్టుకున్నాడు.

ఆ వారం చివర మురహరిని పిలిచారు. ఉపకులపతి గదిలో మిఠాయి పెట్టె తెరిచి ఉంది. దక్షిణామూర్తి లేచి కరచాలనం చేశాడు. మురహరికి ఒకటే తట్టింది. వైవా!

"కూర్చో నాయనా," అన్నారు పరాంకుశంగారు. "ఒక్క నిబంధన మిగిలింది. అదైతే శత శాతం."

"చాలా సంతోషం సార్. ఏమిటది?"

దక్షిణామూర్తి గొంతు సవరించుకున్నాడు. "పరిశోధక విద్యార్థి నమోదును రద్దుచేయు అధికారము. ఇంతవరకు ఒక్క విద్యార్థి విషయమునందు కూడా ఇది వినియోగింపబడలేదు."

"పాపం, ఎవరు సార్?"

పరాంకుశంగారు మిఠాయి పెట్టె అతని వైపు తోశారు.

"ఇంత గౌరవాన్ని ఇంకొకరికి ఇవ్వడం నాకిష్టం లేదయ్యా. మహోద్యమం నీతో మొదలైంది, నీతోనే పూర్తవాలి. సోమవారం పాలకవర్గం ముందు నీ నమోదు రద్దు చేస్తాం. మంగళవారం, ఇచ్చిన మాట ప్రకారం, నీ వైవా."

"నమోదు రద్దయ్యాక వైవా ఎలా సార్?"

"అది వేరే నిబంధన," అన్నాడు దక్షిణామూర్తి. "దానిని మంగళవారము పరిశీలించెదము."

* * *

శకుంతల మేడం అంతా విన్నది. ఆవిడ విశ్వవిద్యాలయం పుట్టిన ఏడాది ఉద్యోగంలో చేరింది. ఎన్నో మహోద్యమాలు చూసింది. ఒక ఉపకులపతి హయాంలో అందరూ వెనక్కి నడిచారు, ఆరోగ్యానికి.

"నువ్వు నిజం చెప్పి ఆపాలని చూశావు. అది ఇక్కడ పనిచేయదు," అంది. "నీ థీసిస్‌లో నాలుగో అధ్యాయం దేని గురించి?"

"మేడం, మీకు తెలీదా?"

"నాకు తెలుసు. నీకు గుర్తుందా అని."

"పరీక్షల వరుస క్రమం. అన్నీ ఒకేసారి చేయలేం కాబట్టి ఏది ముందు చేయాలి అని."

"ఏది ముందు చేయాలి?"

"చెడితే అన్నిటికన్నా ఎక్కువ నష్టం తెచ్చే భాగాన్ని... అందరికన్నా పైనున్నదాన్ని..." మురహరి ఆగిపోయాడు. మేడం టేబుల్ మీదున్న నియమావళి అందుకుని, మొదటి పుటలు తిప్పాడు. వెతికింది దొరికింది. "మేడం! ఉపకులపతి రాజీనామా! ఇంతవరకు ఒక్కరూ తమంతట తాము కుర్చీ వదల్లేదు. ఇది కూడా వాడని నిబంధనే. రిజిస్ట్రార్ లెక్కలో లేదేం?"

"ఆ పుట వచ్చేసరికి గౌరవంగా తిప్పేసి ఉంటాడు. సోమవారం చూపించు. కుర్చీ మీదికొస్తే ఎవరికైనా బుద్ధొస్తుంది. మహోద్యమం అక్కడితో ఆగిపోతుంది. నీ నమోదు నీకుంటుంది."

వాళ్ళ పథకం అంతే. ఉపకులపతిని భయపెట్టడం. పరాంకుశంగారిని వాళ్ళు తక్కువ అంచనా వేశారు.

* * *

సోమవారం. పాలకవర్గం సభ్యులందరూ జీడిపప్పు పళ్ళేల ముందు కూర్చున్నారు. మురహరి నమోదు రద్దు ఉత్తర్వు టైపై, సంతకానికి సిద్ధంగా ఉంది. పరాంకుశంగారు కలం మూత తీశారు.

"సార్, ఒక్క మాట," అని లేచాడు మురహరి. "నా సిద్ధాంతం ప్రకారం వరుస తప్పింది. ఇంకో నిబంధన కూడా మిగిలే ఉంది. దాన్ని నాకన్నా ముందు అమలు చేయాలి. అన్నిటికన్నా ముఖ్యమైన స్థానంతో మొదలుపెట్టాలి."

"ఏ స్థానం?"

"తమరిదే సార్."

"వరుసలో మొదటివాణ్ణి నేనా?"

"అవును సార్. తమరి తరవాతే ఎవరైనా."

"అది సహజం," అన్నారు పరాంకుశంగారు, సభ్యుల వైపు చూస్తూ. "ఏమిటా నిబంధన?"

మురహరి చదివాడు. "'ఉపకులపతి తన రాజీనామాను లిఖితపూర్వకముగా రిజిస్ట్రారుకు అందజేసిన క్షణము నుండి అది అమలులోకి వచ్చును. తదుపరి నియామకము వరకు సర్వీసునందు సీనియర్ అయిన ఆచార్యులు ఆ బాధ్యతలు నిర్వహించవలెను.'"

జీడిపప్పు నమలడం ఆగిపోయింది. ఇప్పుడు కోప్పడతాడు, మహోద్యమం ఎత్తేస్తాడు అని మురహరి ఎదురుచూశాడు.

పరాంకుశంగారి కళ్ళు మెరిశాయి.

"అద్భుతం! చరిత్రలో ఏ ఉపకులపతీ ఈ నిబంధనని పరీక్షించే సాహసం చేయలేదన్నమాట. నేనే మొదటివాణ్ణి. ఫొటోగ్రాఫర్ ఉన్నాడా? దక్షిణామూర్తీ, ఒక తెల్లకాగితం."

"సార్, వద్దు, ఆలోచించండి," అన్నాడు మురహరి నిజంగా కంగారుపడి.

"నువ్వు ఊరుకోవయ్యా. ఐదు నిమిషాల పని. ఇస్తాను, పనిచేస్తుందో లేదో చూస్తాం, వెనక్కి తీసుకుంటాను."

రెండు వాక్యాల్లో రాజీనామా రాసి, ఫొటోగ్రాఫర్ వైపు తిరిగి నవ్వుతూ అందజేశారు. దక్షిణామూర్తి రెండు చేతులతో అందుకుని, చదివి, ముద్ర వేసి, టైము రాసి, ఫైల్లో పెట్టి, దారం కట్టాడు. తరవాత తలెత్తి చూశాడు.

"ఇంతకీ తమరెవరు?"

"అదేమిటి దక్షిణామూర్తీ?"

"ఇది పాలకవర్గ సమావేశం. బయటివారికి ప్రవేశం లేదు."

"హహహ. బాగుంది, పనిచేస్తోంది. శభాష్. ఇక ఆ కాగితం ఇలా ఇవ్వు. వెనక్కి తీసుకుంటున్నాను."

దక్షిణామూర్తి నియమావళి తెరిచాడు. మొదటి నుంచి చివరి వరకు చూశాడు. చివరి నుంచి మొదటి వరకు చూశాడు.

"రాజీనామా ఇచ్చుటకు నిబంధన ఉన్నది. వెనుకకు తీసుకొనుటకు నిబంధన లేదు."

"లేకపోవడమేమిటయ్యా? నేను చెప్తున్నాను కదా!"

"తమరు చెప్పవచ్చును. కానీ తమరు ఎవరో ఇంకను తేలలేదు."

సభ్యులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరో ఒకాయన నెమ్మదిగా జీడిపప్పు పళ్ళెం పరాంకుశంగారి ముందు నుంచి తీసి పక్కకి జరిపాడు.

* * *

సర్వీసులో సీనియర్ ఆచార్యులు ఎవరని చూస్తే శకుంతల మేడం అని తేలింది. కబురు వెళ్ళేసరికి ఆవిడ రెండో ఏడాది పిల్లలకి పాఠం చెబుతోంది. గంట కొట్టేదాకా రానంది.

ఆవిడ వచ్చి ఉపకులపతి కుర్చీలో కూర్చోగానే దక్షిణామూర్తి ఫైలు ముందుపెట్టాడు. "మేడం, పాత వ్యవహారం. మురహరి నమోదు రద్దు. ఈ ఒక్క సంతకం పెడితే శత శాతం."

"శత శాతం అయితే ఏమవుతుంది?"

అతను నియమావళి వైపు చూశాడు. ఇన్నాళ్ళలో ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు.

"శత శాతం అవుతుంది మేడం."

"ఈ నిబంధన వాడకుండా ఉంటేనే విశ్వవిద్యాలయానికి మంచిపేరు. ఉండనివ్వండి. ఇంకో ఫైలుండాలి, వైవా తేదీది. సీతాఫలాల బుట్ట కింద చూడండి."

దొరికింది. సంతకం పడింది. ఆ సాయంత్రం హాస్టల్ మేడ మీద పైడిరాజు తడి లుంగీ దండెం మీద వేసి, క్లిప్పులు పెట్టకుండానే అలా నిలబడిపోయాడు. మోహన వినిపిస్తోంది. అవసరమైనవి అయిదూ ఉన్నాయి, అక్కర్లేనిదొక్కటీ లేదు.

వైవాకి హాలు నిండింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు పొడుగాటి మనిషి, మాట తక్కువ. మురహరి నలభై నిమిషాలు మాట్లాడాడు. అడిగినవాటికి జవాబులు చెప్పాడు. నియమం ప్రకారం సభలో ఎవరైనా ప్రశ్న అడగవచ్చునని దక్షిణామూర్తి ప్రకటించాడు.

చివరి వరుసలో ఒక చెయ్యి లేచింది. పరాంకుశంగారు. చేతిలో కూరల సంచి ఉంది. పక్కన ఇంకెవరూ కూర్చోలేదు.

"నాదొక్కటే ప్రశ్న," అన్నారాయన. గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే ఉంది. "నువ్వు చెప్పినట్టే అన్నీ వాడి చూశాం. నా నిబంధన దాకా ప్రతిదీ పనిచేసింది. అన్నీ పనిచేస్తే మరి నేనెందుకు ఈ చివరి వరుసలో ఉన్నాను?"

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. మురహరి నవ్వలేదు. ఇది అతన్ని ఆ రోజు అడిగిన అన్ని ప్రశ్నల్లోకీ కష్టమైనది. పరీక్షకుడు కలం కిందపెట్టి ముందుకి వంగాడు.

"సార్, వాడి చూడటమనేది ఉన్నవాటికే," అన్నాడు మురహరి నెమ్మదిగా. "రాసిన వరుసల్ని నడిపి చూడగలం. రాయాల్సి ఉండి రాయకుండా మరిచిపోయినదాన్ని నడిపి చూడలేం. రాజీనామా వెనక్కి తీసుకునే నిబంధన ఎవరూ రాయలేదు. నూటికి నూరు వచ్చినా ఆ లోటు కనపడదు. నా పద్ధతికి ఉన్న హద్దు అది."

"ఈ హద్దు గురించి థీసిస్‌లో ఎక్కడ రాశారు?" అన్నాడు పరీక్షకుడు.

మురహరి తన థీసిస్ మూశాడు. "రాయలేదు సార్. పుస్తకాల్లో చదివాను కానీ ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు."

పరీక్షకుడు శకుంతల మేడం వైపు చూశాడు, తరవాత చివరి వరుస వైపు చూశాడు. "దీని మీద ఒక అధ్యాయం చేర్చండి. ఉదాహరణతో సహా. అది చేర్చే షరతు మీద డిగ్రీకి సిఫారసు చేస్తున్నాను. అభినందనలు, డాక్టర్ మురహరి."

చప్పట్లు మోగాయి. పైడిరాజు ఈల వేశాడు. ఆ సందడిలో పరాంకుశంగారు సంచి పట్టుకుని వేదిక దాకా వచ్చారు.

"ఉదాహరణ అన్నాడే, అది నేనేనా?"

"క్షమించండి సార్," అన్నాడు మురహరి సిగ్గుపడుతూ. "మీ పేరు రాయనులెండి. ఒకానొక అధికారి అని రాస్తాను."

పరాంకుశంగారు నొచ్చుకున్నారు. "ఒకానొక అధికారి ఏమిటయ్యా? పూర్తి పేరు రాయి. అధ్యాయం మొదట్లోనే రాయి. ఫొటో కావాలంటే సాయంత్రం ఇంటికి రా, రాజీనామా ఇస్తున్నది బాగా వచ్చింది."